గేటు దాకానే పూచీ

లారీ అయితే వచ్చింది గానీ, దాంతో రావాల్సిన హమాలీలు రాలేదు.

ప్రసూన షెడ్డు గేటు దగ్గర నిలబడి గల్లీ చివరిదాకా చూసింది. వెనుక ఆటో ఏదైనా వస్తోందా అంటే అదీ లేదు. తల పైకెత్తితే కొండపాక వైపు నుంచి మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది. వరండాలో రేకుల చూరు కింద పదహారు బేళ్లు పేర్చి ఉన్నాయి. లోపల తెల్ల నూలు మీద ఎర్ర అంచుతో నేసిన టేబుల్ గుడ్డలు, వాటికి ప్లాస్టిక్ చుట్టి, పైన గోనె కుట్టారు. ఎండాకాలం నుంచి ఆ షెడ్డులోని మగ్గాలన్నీ వీటి కోసమే ఆడాయి.

డ్రైవరు స్వామి దుబ్బాక మనిషి. నెమ్మదిగా కేబిన్ దిగి, ఒళ్లు విరుచుకుని, బేళ్ల వైపు చూసి, ప్రసూన చూపించిన చోట సంతకం పెట్టాడు. సరుకు చూసుకున్నాను, అంతా బాగుంది, ముట్టింది అని ఆ సంతకానికి అర్థం. ఆ పని కాగానే లారీ వెనుక తలుపు దించి, ఇక ఎక్కించండి అన్నట్టు పక్కకు జరిగాడు.

ఎక్కించడం తమ పని కాదని ప్రసూన చెప్పింది. స్వామికి నవ్వొచ్చింది. ఇరవై ఏళ్లుగా లారీ తోలుతున్నాడట, సామాను అమ్మినవాళ్లు ఎక్కించకపోవడం ఎక్కడా చూడలేదట. ఆమె హైదరాబాద్‌లో ఉన్న రవాణా కంపెనీకి ఫోన్ చేసింది. కొన్నవాళ్ల తరఫున సరుకు మోసేది ఆ కంపెనీయే. హమాలీలు గజ్వేల్‌లో వేరే లారీ దగ్గర చిక్కుకుపోయారు, వస్తారు అన్నాడు అటువైపు మనిషి. ఎప్పుడు వస్తారంటే, వస్తారు మేడం అని మళ్ళీ అదే మాట. సాయంత్రంలోపు లారీ హైదరాబాద్ డిపో చేరకపోతే సరుకు కంటైనర్ ఎక్కదు, కంటైనర్ లేకపోతే ఓడ లేదు. ఆ సంగతి అతనికీ తెలుసు. తెలిసి కూడా అంత తాపీగా మాట్లాడేవాళ్లను చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

ప్రసూన ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. నిరుడు మొట్టమొదటిసారి సరుకు దేశం దాటించినప్పుడు, మధ్యవర్తి ఒకడు కాగితం మీద ఎఫ్‌ఓబీ అని మూడక్షరాలు రాసి సంతకం పెట్టమన్నాడు. పెట్టారు. అందరూ పెట్టేదే కదా అనుకున్నారు. షోలాపూర్ దాటాక లారీ వరద నీళ్లలో ఆగిపోయింది, పైన కప్పిన తాడిపత్రి చిరిగింది, ముంబై చేరేసరికి ఒక్క గుడ్డ కూడా పనికి రాలేదు. ఆ మూడక్షరాలకు అర్థం అప్పుడు తెలిసింది. సరుకు ఓడ ఎక్కేదాకా ఏమైనా అమ్మేవాడి నెత్తినే పడుతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ తర్వాత ఎంత చదివినా ఏం లాభం? రెండు మగ్గాలు అమ్ముడుపోయాయి. ప్రసూన భర్త నాగేశ్, పదేళ్ల కింద వదిలేసి వచ్చిన భివండీ మిల్లుకు మళ్ళీ పోయాడు.

పోయేటప్పుడు ఒక మాట చెప్పాడు. వచ్చే సరుకు ఏ గొడవా లేకుండా పోయి, దాని మీద ఇంకో ఆర్డరు వస్తే, తిరిగి వచ్చేస్తానని. ఆ సరుకే ఇప్పుడు వరండాలో ఉంది.

నాగేశ్ పోయాక ప్రసూన హైదరాబాద్‌లో ఎగుమతుల క్లాసులకు పోయింది. సరుకు ఎక్కడిదాకా ఎవరి పూచీ, కిరాయి ఎవరిది, దారిలో ఏమైనా అయితే ఏడవాల్సింది ఎవరు అని తేల్చే మాటలు పదకొండు ఉన్నాయనీ, ప్రపంచంలో ఏ మూల వ్యాపారం చేసినా అవే చెల్లుతాయనీ అక్కడ చెప్పారు. ఆ పదకొండులో ఆమెకు నచ్చింది ఒక్కటే, ఎక్స్ వర్క్స్. అమ్మేవాడు సరుకును తన గుమ్మంలో సిద్ధంగా పెడితే చాలు. ఎత్తుకోవడం, మోసుకోవడం, వానైనా వరదైనా భరించడం అంతా కొన్నవాడిదే. డెన్మార్క్‌లో బట్టల దుకాణం నడిపే ఇంగ్రిడ్ ఈ సరుకు అడిగినప్పుడు, ధర కాస్త తగ్గినా సరే అని ప్రసూన ఆ మాట మీదే ఒప్పందం రాయించింది. షెడ్డులో అందరికీ ఒకటికి పదిసార్లు చెప్పింది, మన పూచీ గేటు దాకానే అని.

అందరూ తలూపారు. ఆమె మామ సిద్ధయ్య మాత్రం ఊపలేదు.

సిద్ధయ్య డెబ్బై దాటిన మనిషి. నిరుటి నష్టానికి ఆయన దగ్గర వేరే లెక్క ఉంది. ఆ ఇంట్లో తాతల కాలం నుంచీ మగ్గం మీంచి దించిన బట్ట నేసినవాడి చేతుల మీదుగానే గడప దాటాలి. ఆయన భార్య పెంటవ్వ పసుపు బొట్టు పెడుతుంది, నేసినవాడు ఎత్తి బండిలో పెడతాడు. సైకిల్ మీద మూట కట్టుకుని కోహెడ, హుస్నాబాద్ తిరిగిన రోజుల్లోనూ అంతే. నిరుడు ముంబై నుంచి రప్పించిన కూలీలు వచ్చి కొక్కేలతో బేళ్లు లాక్కుపోయారు, మన చెయ్యి పడలేదు, అందుకే నీళ్లపాలైందని ముసలాయన నమ్మకం. ఆ మాట బయటికి అన్నప్పుడల్లా ప్రసూన ఊరుకునేది. మామతో వాదించి గెలిచిన కోడలు ఏం బావుకుంటుంది?

మొదటి చినుకులు రేకుల మీద పడ్డాయి. లోపల మగ్గాలు ఆగిపోయాయి. నేతగాళ్లు ఒక్కొక్కరే వరండాలోకి వచ్చి నిలబడ్డారు. సిద్ధయ్య ముందుకు వచ్చి, మొదటి బేలు మీద చెయ్యి వేశాడు.

"మామా, ముట్టకుండ్రి," అంది ప్రసూన. "స్వామన్న సంతకం పెట్టిండు. ఇగ అవి మనయి కావు."

"మనయి గాకపోతె ఎవరివి?"

"కొన్నోళ్లయి. ఎత్తుడు వాళ్ల పని. మనం ఎత్తి, ఏమన్న అయితె, మీరే పాడుజేసిన్రంటరు. నిరుడు అయింది సాలదా?"

పోనీ తిరిగి లోపలికి తెచ్చి పెడదామన్నాడు సిద్ధయ్య. ప్రసూన దానికీ ఒప్పుకోలేదు. గుమ్మం బయట అప్పజెప్పిన సరుకును మళ్ళీ లోపలికి తెస్తే, అప్పజెప్పినట్టా కాదా? ఆ మెలిక మీద రేపు ఎవరు ఏమంటారో ఆమెకే సరిగ్గా తెలియదు. తెలియనిచోట కాలు పెట్టకూడదని మాత్రం నిరుడు నేర్చుకుంది.

గాలి తిరిగింది. వాన ఏటవాలుగా చూరు కిందికి కొట్టసాగింది. ముందు వరుస బేళ్ల గోనె మీద తడి మచ్చలు పడ్డాయి. స్వామి కేబిన్‌లో కూర్చుని అద్దం ఎత్తుకున్నాడు. ప్రసూన మళ్ళీ ఫోన్ చేసింది, ఎవరూ ఎత్తలేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారు చూడండి, ఆమె పరిస్థితి సరిగ్గా అదే. ముడితే నెపం తమ మీదికి వస్తుంది. ముట్టకపోతే కళ్లెదుటే నానిపోతుంది. నానితే నష్టం తమది కాదు, నిజమే. కానీ నానిన సరుకు అందుకున్నవాళ్లు రెండో ఆర్డరు ఇస్తారా? నాగేశ్ వస్తాడా?

"నా చేతితోని నేసిన బట్ట వానల నానుతుంటె, చేతులు కట్టుకోని చూడుమంటవా బిడ్డా?" అన్నాడు సిద్ధయ్య. కోపంగా కాదు, బతిమాలినట్టుగా. అది ఆమెను ఇంకా బాధపెట్టింది.

ఆమె జవాబు చెప్పలేదు. ముసలాయన దాన్నే ఒప్పుకోలు అనుకున్నాడు. పెంటవ్వ లోపలి నుంచి పసుపు గిన్నె తెచ్చి మొదటి బేలుకు బొట్టు పెట్టింది. ఇంక ఎవరూ ఎవరి మాటా వినే దశ దాటిపోయింది. నేతగాళ్లు ఇద్దరిద్దరుగా బేళ్లు పట్టుకుని వానలోనే లారీ దగ్గరికి ఉరికారు. స్వామి దిగివచ్చి తాడిపత్రి ఎత్తి పట్టుకున్నాడు. ప్రసూన కూడా చీర కుచ్చిళ్లు దోపుకుని ఒక చెయ్యి వేసింది. వెయ్యకుండా ఎట్లా ఉంటుంది?

పదిహేను బేళ్లు క్షేమంగా ఎక్కాయి. చివరిదాన్ని సిద్ధయ్య ఎవరికీ ఇవ్వలేదు. ఒక పక్క తాను, రెండో పక్క ఒక నేతగాడు పట్టారు. గేటు పక్క మోరీ బండ మీద పాచి పట్టి ఉంది. ముసలాయన కాలు జారింది. ఆయన ఎట్లాగో గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు గానీ, బేలు చేతుల్లోంచి జారి, మూల బండకు తగిలి, నిండా పారుతున్న మోరీలో సగం దాకా మునిగింది.

క్షణంలో తీశారు. గోనె చిరిగింది, లోపలి ప్లాస్టిక్ మూల దగ్గర నోరు తెరిచింది. వరండాలోకి తెచ్చి, పొడిగుడ్డతో తుడిచి చూశారు. పైకి పెద్దగా ఏమీ కనిపించలేదు. అప్పటికి స్వామి ఇంజన్ స్టార్ట్ చేసి ఉన్నాడు, ఇంక నిమిషం ఆగినా డిపో మూస్తారని కేక వేస్తున్నాడు. ప్రసూన టేపు తెచ్చి చిరిగిన చోట తన చేత్తోనే నాలుగు చుట్లు చుట్టింది.

"ఎక్కించుండ్రి," అంది.

పదహారో బేలు మిగతా వాటి నడుమకు పోయింది. తాడిపత్రి కప్పారు. లారీ గేటు దాటింది.

ఒక్కసారిగా అందరూ అలసిపోయారు. నేతగాళ్లు తలలు తుడుచుకుంటూ లోపలికి పోయారు. సిద్ధయ్య అరుగు మీద కూర్చుని, అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. దెబ్బ తగిలిందా మామా అని అడిగితే, లేదన్నట్టు తలూపాడు. ప్రసూన పెద్దగా ఊపిరి పీల్చుకుంది. సంతకం ముందే పెట్టాడు. సరుకు గేటు దాటింది. రాసుకున్న మాట ప్రకారం ఇప్పుడు దేనికీ తాము జవాబుదారీ కాదు. పాపిష్టి మూడక్షరాలు నిరుడు ముంచితే, ఈసారి ఎక్స్ వర్క్స్ అన్న మాట కాపాడింది.

పెంటవ్వ చీపురు పట్టుకుని వరండాలో నీళ్లు తోస్తూ తోస్తూ ఆగిపోయింది. "ప్రసూనా, గీడికి రా," అని పిలిచింది.

బేలు దించి తుడిచిన చోట, నాపరాయి మీద లేత ఎరుపు నీళ్లు మడుగుగట్టాయి.

పసుపు అయితే పచ్చగా ఉండాలి. ఇది అంచు రంగు. చెట్టు వేరు ఉడకబెట్టి వేసిన ఎరుపు అది, ఇంగ్రిడ్ అడిగి మరీ వేయించుకుంది. మొదటి నీళ్లకు కొద్దిగా వదులుతుందని, తొలిసారి విడిగా ఉతకాలని ప్రతి గుడ్డకూ చీటీ కూడా కట్టారు. ఆ రంగు నేల మీదికి వచ్చిందంటే మోరీ నీళ్లు లోపలి మడతల దాకా పోయినట్టే. ఇప్పుడు ఆ తడి బేలు పదిహేను పొడి బేళ్ల నడుమ ఉంది. గాలి చొరని కంటైనర్‌లో నెల రోజులకు పైగా సముద్రం మీద ఉంటుంది. డెన్మార్క్‌లో తలుపు తెరిచేసరికి ఒక్క బేలు కాదు, చుట్టూ ఉన్నవన్నీ బూజు పట్టి వాసన కొడతాయి.

మామ, అత్త ఇద్దరూ ఆమె ముఖమే చూస్తున్నారు. ఏమీ చేయకపోయినా అడిగేవాడు లేడు. సంతకం ఉంది, ఒప్పందం ఉంది, ప్రపంచమంతా ఒప్పుకున్న నియమం ఉంది. ఆ ఇంగ్రిడ్ అనే ఆవిడ తన కంపెనీతో, తన బీమావాళ్లతో తన్నుకుంటుంది. నాగేశ్‌కు ఫోన్ చేసి సరుకు మంచిగ పోయిందని చెప్పొచ్చు. అబద్ధం కూడా కాదు, గేటు దాకా మంచిగానే పోయింది.

టేపు చుట్టింది ఎవరు మరి? ఆ చేతులు తనవి కావా?

స్వామి ఫోన్ ఎత్తడం లేదు. ప్రసూన స్కూటీ తాళం తీసుకుంది. ఎక్కడికని సిద్ధయ్య అడిగితే, ఇప్పుడే వస్తానని మాత్రం అంది.

హైదరాబాద్ పోయే రాజీవ్ రహదారి మీద వాన ఎదురుగా కొడుతోంది. లారీలు పక్క నుంచి పోతూ నిండా బురద చల్లుతున్నాయి. ముందు అద్దం లేని హెల్మెట్‌లోంచి రోడ్డు సగమే కనిపిస్తోంది. దుద్దెడ దాటింది. ముందు పోతున్న ప్రతి లారీ అదే అనిపిస్తోంది, దగ్గరికి పోతే కాదు. ప్రజ్ఞాపూర్ దాటితే ఇక పట్టుకోవడం కల్ల. ఆమెకు భయంగా ఉంది. బండి జారి పడతానని కాదు ఆ భయం. లారీ దొరికితే ఏం చెప్పాలో, దొరక్కపోతే రాత్రి ఎట్లా నిద్రపోవాలో తెలియక.

కొమురవెల్లి మల్లన్న గుడికి పోయే కమాన్ దగ్గర లారీ ఆగి ఉంది. గాలికి లేచిపోయిన తాడిపత్రికి తాడు బిగించి, స్వామి చాయ్ తాగుతున్నాడు. మల్లన్న దయో, ఊడిన తాడు దయో, ఏదైతేనేం. ప్రసూన స్కూటీని లారీ ముందు అడ్డంగా నిలిపి, ఒక బేలు తడిసిపోయింది, దించాలి అని చెప్పింది.

స్వామి గ్లాసు కింద పెట్టాడు.

"గిది మీ మాల్ కాదు మేడం," అన్నాడు. "మీరే సంతకం పెట్టించుకున్నరు. కంపెనీ చెప్పకుంట ఒక్క బేలు దించినా దొంగతనమే. నా నౌకరి పోతది."

ఏడాది పాటు నూరిపోసుకున్న నియమం అది. అవి మనయి కావు అని పొద్దుటి నుంచీ తానే కదా అంటోంది. తన షెడ్డులో, తన మనుషులు నేసిన బట్ట, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. కానీ దాన్ని ముట్టుకునే హక్కు తనకు లేదు. ఆ హక్కు ఉన్నది ఒక్కరికే.

ఇంగ్రిడ్‌తో ఇంతవరకూ ఈమెయిళ్లే నడిచాయి. ప్రసూనది బీకాం ఇంగ్లిషు, రాయమంటే రాస్తుంది, మాట్లాడమంటే చెమటలు పడతాయి. వాట్సాప్‌లో కాల్ చేసి, చాయ్ హోటల్ రేకు కింద ఒక చెవి మూసుకుని నిలబడింది. అవతల ఇంగ్రిడ్ ఎత్తింది. ప్రసూన తప్పులతోనే, ముక్కలు ముక్కలుగానే చెప్పింది. హమాలీలు రాలేదని, వాన వచ్చిందని, తామే ఎక్కించామని, ఒక బేలు నీళ్లలో పడిందని, దాన్ని తీసేయకపోతే మొత్తం పాడవుతుందని.

అంతా విని ఇంగ్రిడ్ ఒకే ప్రశ్న అడిగింది. పడేసింది ఎవరు, మీ మనుషులా, లారీ మనిషా?

స్వామి పక్కనే నిలబడి ఉన్నాడు. అతనికి ఇంగ్లిషు రాదు. లారీ మనిషి అని రెండు మాటలంటే చాలు, నెపం అటే పోతుంది, రవాణా కంపెనీ చూసుకుంటుంది. హమాలీలను పంపనిది వాళ్లే కదా, తప్పు నిజంగా వాళ్లది కాదా? ఇవన్నీ ఆమె మనసులో మెరిశాయి. మెరవలేదంటే నేను నమ్మను.

"మా మామ చేతుల నుంచి పడింది," అని చెప్పింది. "చిరిగినచోట టేపు చుట్టి ఎక్కించమన్నది నేను."

మళ్ళీ చేస్తానని ఇంగ్రిడ్ ఫోన్ పెట్టేసింది.

స్వామి ఇంకో చాయ్ చెప్పాడు. ఇది అయ్యేదాకా ఆగుతాను, ఆపైన ఆగితే డిపో మూస్తారు, తర్వాత నా దారి నాది అన్నాడు. చెడ్డవాడు కాదు, కానీ ఎంతసేపని ఆగుతాడు? ప్రసూన ఫోన్ అరచేతిలో పట్టుకుని నిలబడింది. ఒళ్లంతా తడిసి వణుకు పుడుతోంది. ఈపాటికి అక్కడ ఏం జరుగుతుంటుంది? మొత్తం సరుకు వెనక్కి పంపమంటుందేమో. పాడుచేసింది మీరే కాబట్టి అంతా మీదేనంటుందేమో. దాచి ఎక్కించాలని చూసినవాళ్లతో వ్యాపారం ఏంటని అడిగితే తాను ఏం చెప్పగలదు? నిరుడు తెలియక మునిగారు. ఈసారి అన్నీ తెలిసి, చేజేతులా తెచ్చిపెట్టుకుంది. నాగేశ్‌కు ఈ ముక్క ఏ నోటితో చెప్పాలి? చాయ్ హోటల్ నడిపే ఆవిడ కూర్చోమని స్టూలు జరిపినా ప్రసూన కూర్చోలేదు.

స్వామి గ్లాసు ఖాళీ అయింది. కేబిన్ తలుపు తెరిచాడు. అప్పుడు మోగింది ఫోన్, కానీ ప్రసూనది కాదు, స్వామిది. హైదరాబాద్ ఆఫీసు నుంచి. అతను విన్నాడు, సరే సార్ అన్నాడు, కేబిన్ దిగి వచ్చి తాడిపత్రి తాళ్లు విప్పసాగాడు.

ఆ వెంటనే ఇంగ్రిడ్ చేసింది. గొంతులో ప్రేమా లేదు, కోపమూ లేదు, లెక్క చెప్పే మనిషిలా మాట్లాడింది. సంతకమయ్యాక పడింది కాబట్టి ఆ బేలు తనదేనట. రాసుకున్న మాట రాసుకున్నట్టే. హమాలీలను పంపని కంపెనీతో తాను తేల్చుకుంటుంది. తడిసినదాన్ని దించి, తన సొత్తుగా ప్రసూన దగ్గరే భద్రంగా పెట్టాలి. బాగుచేయగలిగితే బాగుచేసి, తర్వాతి సరుకుతో పంపాలి.

తర్వాతి సరుకు అన్న మాట ప్రసూన విన్నది నిజమేనా అని ఆలోచించుకునేలోపే, దాని సంగతీ చెప్పింది. దసరా దాటాక ఇంకో విడత కావాలి. ఈసారి మాత్రం ఎక్స్ వర్క్స్ వద్దు, ఎఫ్‌సీఏ అని రాసుకుందాం. మీ గుమ్మంలోనే అప్పగింత, కానీ లారీ మీదికి ఎత్తి పెట్టేదాకా పూచీ మీది. ఎట్లాగూ ఎత్తకుండా మీరు ఉండలేరని ఇవాళ తెలిసింది కదా అంది. ఆఖర్న ఇంకొకటి అడిగింది, మీ మామగారికి ఎన్నేళ్లు అని. డెబ్బై దాటాయంటే, అయితే ఆయన చేత ఎత్తించకండి అంది.

బేలును ఆటోలో వేయించి, ప్రసూన దాని వెనకే స్కూటీ మీద ఇంటికి వచ్చింది. వాన వెలిసింది. సిద్ధయ్య అరుగు మీదే ఉన్నాడు. ఆటోలో ఉన్నదేమిటో చూడగానే ముసలాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. వెనక్కి వచ్చిందంటే ఆర్డరు పోయిందనే అనుకున్నాడు. ప్రసూన జరిగిందంతా చెప్పింది. ఈ బట్ట ఇప్పుడు పరాయివాళ్ల సొత్తని, మన దగ్గర దాచమన్నారని కూడా చెప్పింది.

కుట్లు విప్పితే లోపల అనుకున్నంతా అయింది. సగానికి పైగా గుడ్డల్లో ఎరుపు తెల్లదనం మీదికి పాకింది. పెంటవ్వ పెద్ద గంగాళంలో నీళ్లు నింపింది. నేతగాళ్లు అడగకుండానే వచ్చి చేతులు వేశారు. సిద్ధయ్య ఒక్కో గుడ్డను పసిపిల్లకు నీళ్లు పోసినట్టు ముంచి తీస్తున్నాడు. ఎవరో కాస్త గట్టిగా పిండబోతే కసిరాడు.

"మెల్లగ. మందిది," అన్నాడు. "మనది గాకపోతెనే ఎక్కువ భద్రం జెయ్యాలె."

దండెం మీద గుడ్డలు ఆరుతుండగా నాగేశ్ ఫోన్ చేశాడు. వెనుక మిల్లు మగ్గాల మోతలో సగం మాటలు కొట్టుకుపోతున్నాయి. సరుకు పోయిందా అని అడిగాడు. పోయింది, ఒక్క బేలు తప్ప అంది. ఇంకో ఆర్డరు వచ్చింది అంది. అతను ఏదో సంతోషంగా అనబోతుంటే ఆపి, ఈసారి లారీ మీదికి ఎత్తేదాకా పూచీ మనదేనని ఒప్పుకున్నానని చెప్పింది.

"నిరుడు గంత మునిగి, మల్ల నెత్తిన పెట్టుకున్నవా?" అన్నాడు నాగేశ్.

"పెట్టుకున్న. మీ బాపుకు ఇగ చాతగాదు. ఇయ్యాల కాలు జారిండు, జర్రలో తప్పింది. నువ్వొచ్చి ఎత్తు."

మోత కాసేపు అట్లాగే వినిపించింది. తర్వాత తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. నాగేశ్ మిల్లు బయటికి నడిచి వచ్చినట్టున్నాడు.

"ఇనవడలే," అన్నాడు. "మల్ల చెప్పు."

ప్రసూన మళ్ళీ చెప్పింది.